డెలివరీ డ్రైవర్ సీటు ముందు ఎవరికి? యూనియన్ కాంట్రాక్టులో నిష్పత్తి లెక్క

“ముందు హబ్‌లో పార్సిళ్ళు ఎత్తే పనిలో చేరు, తర్వాత డ్రైవర్ అయిపోవచ్చు.” అమెరికాలో యూపీఎస్ కంపెనీలో పని వెతుక్కునే మన పిల్లలకు ఎవరో ఒకరు చెప్పే సలహా ఇది. ఈ మాటలో నిజం ఉంది. కానీ “తర్వాత” అంటే ఏడాదా, ఐదేళ్ళా? ఆ జవాబు చాలావరకు యూనియన్ కాంట్రాక్టులో రాసిన ఒక చిన్న అంకెలో ఉంటుంది. ఖాళీ అయిన డ్రైవర్ ఉద్యోగాల్లో ఎన్ని లోపలి వాళ్ళకు ఇవ్వాలి, ఎన్ని బయటి వాళ్ళతో నింపుకోవచ్చు అని చెప్పే నిష్పత్తి అది.

అర్ధరాత్రి లేచి వెళ్ళి నాలుగు గంటలు లోడింగ్ చేసే కుర్రాడికి, ఆ జీతం మీద ఇల్లు నడిపే కుటుంబానికి ఈ అంకె తెలియడం అవసరం. ఈ లెక్క ఎలా వచ్చింది, ఎలా పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు అన్నది వివరంగా చూద్దాం.

ఒకే కంపెనీ, వేర్వేరు మెట్లు

బయట నుంచి చూస్తే గోధుమరంగు బండి, గోధుమరంగు యూనిఫాం, అంతా ఒకటే. లోపల మాత్రం మెట్లున్నాయి. కింది మెట్టులో పార్ట్‌టైం వాళ్ళు. హబ్‌లో పార్సిళ్ళు దించడం, వేరు చేయడం, బండ్లలో సర్దడం వీళ్ళ పని. పై మెట్టులో ఫుల్‌టైం ప్యాకేజీ డ్రైవర్లు. గంట జీతం, పని గంటలు, పెన్షన్ అన్నిట్లో రెండు మెట్ల మధ్య దూరం పెద్దది.

ఈ దూరం మొదటి నుంచీ ఇంత లేదు. యూపీఎస్ కార్మికుల యూనియన్ పేరు టీంస్టర్స్. 1982 ఒప్పందంలో కొత్త పార్ట్‌టైం వాళ్ళ మొదటి జీతం గంటకు 8 డాలర్లకు తగ్గించడానికి యూనియన్ ఒప్పుకుంది. ఆ తర్వాత డ్రైవర్ల జీతాలు పెరుగుతూ పోయాయి. పార్ట్‌టైం మొదటి జీతం మాత్రం 1997 దాకా, అంటే పదిహేనేళ్ళు, ఆ 8 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ఈలోగా పార్ట్‌టైం వాళ్ళ సంఖ్య పెరిగి మొత్తం కార్మికుల్లో సగం దాటింది.

కింద జీతం పెరగనప్పుడు మనిషిని ఆ పనిలో నిలబెట్టేది ఒక్కటే: పైకి వెళ్ళే దారి ఉందన్న నమ్మకం. అందుకే నిష్పత్తి మీద అంత పట్టు.

నిష్పత్తులు రెండు రకాలు

కాంట్రాక్టుల్లో కనిపించే నిష్పత్తి నిబంధనలు ముఖ్యంగా రెండు రకాలు. రెండిటినీ కలిపేసుకుంటే అయోమయమే.

మొదటిది ప్రమోషన్ నిష్పత్తి. పై మెట్టులో ఖాళీలు వచ్చినప్పుడు లోపలి వాళ్ళకు ఎన్ని, బయటి వాళ్ళకు ఎన్ని అని చెప్తుంది. ఇది దారి తెరిచి ఉంచే నిబంధన.

రెండోది గరిష్ఠ పరిమితి. తక్కువ జీతం మెట్టులో ఎంత శాతానికి మించి మనుషుల్ని పెట్టుకోకూడదో చెప్తుంది. ఇది పై మెట్టు ఉద్యోగాలు కరిగిపోకుండా కాపాడే నిబంధన.

మొదటిది లేకపోతే కింది వాడు ఎప్పటికీ కిందే. రెండోది లేకపోతే పైకి వెళ్ళేసరికి అక్కడ ఉద్యోగమే మిగలదు.

1997: ఆరులో ఐదు

1997 ఆగస్టు 4న సుమారు 1,85,000 మంది యూపీఎస్ కార్మికులు సమ్మెకు దిగారు. అప్పటి యూనియన్ అధ్యక్షుడు రాన్ కేరీ. సమ్మె 15 రోజులు నడిచింది. పెద్ద డిమాండ్లలో ఒకటి పార్ట్‌టైం ఉద్యోగాలను ఫుల్‌టైం చేయాలన్నది.

ఒప్పందంలో రెండు ముఖ్యమైన ఫలితాలు వచ్చాయి. ఒకటి, ఉన్న పార్ట్‌టైం పనులను కలిపి ఐదేళ్ళలో 10,000 కొత్త ఫుల్‌టైం ఉద్యోగాలు సృష్టించాలి. రెండు, ఫుల్‌టైం ఖాళీల్లో ప్రతి ఆరిటిలో ఐదు పార్ట్‌టైం వాళ్ళకు ఇవ్వాలి. అంతకుముందు అది ఐదులో నాలుగు.

నాలుగైదో వంతుల నుంచి ఐదారో వంతులకు మారితే ఏమొస్తుంది అనిపించవచ్చు. 30 ఖాళీలు తీసుకోండి. పాత లెక్కలో లోపలి వాళ్ళకు 24, కొత్త లెక్కలో 25. తేడా ఒక్క ఉద్యోగమే. కానీ ఆ ఒక్క ఉద్యోగం వరుసలో తర్వాత ఉన్న మనిషిది. దేశమంతా కలిపి, ఏడాది తర్వాత ఏడాది కలిపి చూస్తే చాలా కుటుంబాల సంగతి.

ఒప్పందంలో రాసినంత మాత్రాన పని అయిపోదని కూడా అప్పుడే తేలింది. సమ్మె వల్ల సరుకు తగ్గిందని చెప్పి కంపెనీ మొదటి విడత 2,000 ఫుల్‌టైం ఉద్యోగాలు ఇవ్వలేదు. యూనియన్ వదల్లేదు. గొడవ మధ్యవర్తి ముందుకు వెళ్ళింది. 2000లో ఆయన ఆ ఉద్యోగాలు సృష్టించాల్సిందేనని తీర్పు ఇచ్చాడు. అంకె కాగితం మీద ఉంటే చాలదు, దాన్ని అడిగి అమలు చేయించే ఏర్పాటు కూడా అదే కాగితంలో ఉండాలి.

మీ వంతు ఎప్పుడు? ఒక లెక్క

ఇది ఊహించిన లెక్క, ఏ బిల్డింగుదీ కాదు. ఒక హబ్‌లో ఏడాదికి 12 డ్రైవర్ ఖాళీలు వస్తాయనుకుందాం. మీకంటే సీనియర్లు, డ్రైవర్ కావాలని పేరు ఇచ్చినవాళ్ళు 40 మంది ఉన్నారు.

ఆరులో ఐదు లెక్కన ఏడాదికి 10 సీట్లు లోపలి వాళ్ళవి. మీ ముందున్న 40 మంది అయ్యేసరికి నాలుగేళ్ళు. అదే సగం సగం అయితే ఏడాదికి 6 సీట్లే, దాదాపు ఏడేళ్ళు. నిష్పత్తి బాగున్నా ఖాళీలు ఏడాదికి 12 నుంచి 6కు పడిపోతే నాలుగేళ్ళు కాస్తా ఎనిమిదేళ్ళు.

అంటే మీ వంతు మూడు అంకెల మీద ఆధారపడి ఉంటుంది: నిష్పత్తి, ఏటా వచ్చే ఖాళీలు, మీ ముందున్నవాళ్ళు. కాంట్రాక్టు హామీ ఇచ్చేది మొదటిదానికే. మిగతా రెండూ బిల్డింగును బట్టి మారతాయి. పేరు ఇచ్చినవాళ్ళలో కొందరు రోడ్ టెస్టులో ఆగిపోతారు, కొందరు మనసు మార్చుకుంటారు, కాబట్టి వరుస కాస్త వేగంగా కదలొచ్చు కూడా.

మాటల తేడా కూడా గమనించాలి. “ఆరులో ఐదు” వేరు, “ఆరుకు ఒకటి” వేరు. మొదటిదాంట్లో ఆరు ఖాళీల్లో ఐదు లోపలి వాళ్ళవి. రెండోదాంట్లో ఆరుగురు లోపలి వాళ్ళను తీసుకున్నాక ఏడో సీటు బయటి వాళ్ళది. 42 ఖాళీల్లో మొదటి లెక్క 35 ఇస్తుంది, రెండో లెక్క 36 ఇస్తుంది. టీంస్టర్స్‌కు జాతీయ ఒప్పందంతో పాటు ప్రాంతాల వారీ అనుబంధ ఒప్పందాలు ఉంటాయి. నియామకం లెక్క వాటిలో వేర్వేరుగా ఉండవచ్చు. చికాగోలోని లోకల్ 705 లాంటి చోట విడి ఒప్పందమే నడుస్తుంది. అందుకే డల్లాస్‌లో ఉన్న బావమరిది చెప్పిన అంకె చికాగోలో ఉన్న మీకు వర్తించకపోవచ్చు.

2018: మధ్యలో కొత్త మెట్టు

ఆన్‌లైన్ కొనుగోళ్ళు పెరిగాక శని, ఆదివారాలు కూడా డెలివరీ చేయాలని కంపెనీ కోరుకుంది. ఉన్న డ్రైవర్లతో వారాంతం పని చేయిస్తే ఓవర్‌టైం పడుతుంది. 2018 ఒప్పందంలో దీనికి దొరికిన దారి ఒక కొత్త తరగతి. ఒప్పందంలోని సెక్షన్ నంబరుతోనే దాన్ని “22.4 డ్రైవర్లు” అన్నారు. వీళ్ళు డ్రైవింగ్, హబ్ లోపలి పని రెండూ చేయాలి. వారం మంగళవారం నుంచి శనివారం, లేదా బుధవారం నుంచి ఆదివారం.

జీతం గంటకు 20.50 డాలర్లతో మొదలు. ఒప్పందం నాటి లెక్కల్లో వీళ్ళ గరిష్ఠ జీతం 30 డాలర్లు దాటి ఆగిపోతే, పాత డ్రైవర్లది 36 డాలర్ల దగ్గర ఉంది. రోజుకు తొమ్మిదిన్నర గంటలకు మించి తరచు పని చేయించకుండా పాత డ్రైవర్లకు ఉన్న రక్షణ వీళ్ళకు లేదు. ఈ తరగతి మరీ పెరిగిపోకుండా 25 శాతం పరిమితి పెట్టారు.

అప్పటి అధ్యక్షుడు జేమ్స్ హోఫా వర్గం వాదన ఏమిటంటే, దీనివల్ల పాత డ్రైవర్ల మీద ఓవర్‌టైం ఒత్తిడి తగ్గుతుంది, పార్ట్‌టైం వాళ్ళకు ఫుల్‌టైం ఉద్యోగాలు వస్తాయి. వ్యతిరేకుల వాదన సూటిగా ఉంది: అదే బండి, అదే పార్సిల్, అదే ఎండ, జీతం మాత్రం తక్కువ. వీళ్ళు ఎక్కువైతే రేపు పాత డ్రైవర్ ఉద్యోగాలకే ఎసరు.

ఓటింగ్‌లో 54 శాతం మంది వద్దన్నారు. అయినా ఒప్పందం అమలైంది. ఓటు వేసినవాళ్ళు సగం కంటే తక్కువగా ఉంటే, తిరస్కరించడానికి మూడింట రెండు వంతుల వ్యతిరేక ఓట్లు కావాలని అప్పటి యూనియన్ నియమావళి చెప్పేది. ఆ సాకుతో నాయకత్వం ఒప్పందాన్ని ఖాయం చేసింది. కార్మికుల్లో దాని మీద కోపం పెరిగింది. 2021లో ఆ నియమాన్నే యూనియన్ మహాసభ తీసేసింది. అదే ఏడాది ఎన్నికల్లో షాన్ ఓబ్రయన్ ప్యానెల్ గెలిచింది.

శాతం దేనిమీద?

ఏ పరిమితి చూసినా మొదట అడగాల్సింది ఇదే. “25 శాతం” అన్నారు, సరే, దేనిలో 25 శాతం? మొత్తం డ్రైవర్లు 100 మంది అయితే 25 మంది కింది మెట్టు, 75 మంది పై మెట్టు. అదే “పై మెట్టు వాళ్ళ సంఖ్యలో 25 శాతం” అంటే 100 మంది పై మెట్టు వాళ్ళకు 25 మంది. అప్పుడు మొత్తం 125లో కింది మెట్టు వాటా 20 శాతమే. అంకె ఒకటే, ఫలితం వేరు.

ఎక్కడ లెక్కిస్తారన్నది రెండో ప్రశ్న. దేశం మొత్తం మీద లెక్కిస్తే ఒక ఊళ్ళో కింది మెట్టు వాళ్ళు 40 శాతం ఉన్నా పరిమితి దాటినట్టు కాదు, ఇంకో ఊళ్ళో తక్కువ ఉంటే సరిపోతుంది. ఒక్కో బిల్డింగులో లెక్కిస్తేనే అక్కడ పనిచేసేవాడికి రక్షణ. ఎప్పుడు లెక్కిస్తారన్నది మూడోది. పండుగ సీజన్‌లో తాత్కాలికంగా వచ్చినవాళ్ళను కలుపుతారా, వదిలేస్తారా అన్నదాన్ని బట్టి శాతం మారిపోతుంది.

2023: ఆ మెట్టు తీసేశారు

2023లో సుమారు 3,40,000 మంది కార్మికుల తరఫున చర్చలు జరిగాయి. 22.4 తరగతి రద్దు యూనియన్ ముందు పెట్టిన డిమాండ్లలో ముఖ్యమైనది. జూన్‌లో 97 శాతం మంది సమ్మెకు అధికారం ఇస్తూ ఓటేశారు. జూలై 25న ఒప్పందం కుదిరింది. ఆగస్టు 22న 86.3 శాతం ఓట్లతో ఖాయమైంది.

ఫలితంగా 22.4 డ్రైవర్లందరినీ మామూలు ప్యాకేజీ డ్రైవర్లుగా మార్చారు. పార్ట్‌టైం మొదటి జీతం గంటకు 21 డాలర్లు అయింది. ఒప్పందం చివరికి ఫుల్‌టైం డ్రైవర్ గరిష్ఠ జీతం సగటున గంటకు 49 డాలర్లకు చేరుతుంది. 7,500 కొత్త ఫుల్‌టైం ఉద్యోగాలు, ఉన్న 22,500 ఖాళీల భర్తీ కూడా ఒప్పందంలో ఉన్నాయి. ఇది 2028 జూలై 31 దాకా అమల్లో ఉంటుంది.

మెట్లు మాత్రం పూర్తిగా పోలేదు. కొత్త డ్రైవర్‌కి పూర్తి జీతం రావడానికి ఇప్పటికీ నాలుగేళ్ళు పడుతుంది. పార్ట్‌టైం, ఫుల్‌టైం తేడా అలాగే ఉంది. పోయింది మధ్యలో పెట్టిన, ఎప్పటికీ పై జీతం అందని మెట్టు.

పోస్టాఫీసు దారి: శాతం నుంచి గడువుకు

అమెరికా తపాలా శాఖలో ఇదే సమస్యకు ఇంకో రకం జవాబు దొరికింది. 2013 జనవరిలో వచ్చిన మధ్యవర్తి తీర్పుతో నగరాల్లో “సిటీ క్యారియర్ అసిస్టెంట్” అనే పర్మినెంట్ కాని తరగతి వచ్చింది. మొదటి జీతం గంటకు 15 డాలర్లు. నియామకం 360 రోజులకు, మధ్యలో ఐదు రోజుల విరామం, మళ్ళీ నియామకం. వీళ్ళ సంఖ్య ఒక్కో జిల్లాలో పర్మినెంట్ ఫుల్‌టైం క్యారియర్ల సంఖ్యలో 15 శాతానికి మించకూడదని పరిమితి. దానికి అదనంగా దేశం మొత్తం మీద 8,000 మందిని పెట్టుకోవచ్చని మినహాయింపు. దేనిమీద శాతం, ఎక్కడ లెక్క, మినహాయింపు ఎంత అన్నీ అందులో రాసి ఉన్నాయి.

తర్వాత 2021 ఒప్పందంలో గడువు వచ్చింది. 24 నెలలు పూర్తి చేసిన అసిస్టెంట్‌ను పర్మినెంట్ చేయాలి. ఇది కింది మెట్టు వాళ్ళకు పెద్ద ఊరట. నిష్పత్తి అయితే ఖాళీ కోసం ఎదురు చూడాలి. గడువు అయితే క్యాలెండర్ చూసుకుంటే చాలు.

మెట్టు, సెలవు రోజు, నమాజ్

మెట్టు తేడా జీతంతో ఆగదు. ఏ రోజు సెలవు, ఏ షిఫ్టు అన్నది సీనియారిటీ నిర్ణయిస్తుంది. జుమా నమాజ్‌కు వెళ్ళాలన్నా, రంజాన్‌లో ఇఫ్తార్ వేళకు ఇంటికి చేరాలన్నా, ఈద్ రోజు సెలవు కావాలన్నా కింది మెట్టు వాడికే కష్టం ఎక్కువ.

దీని మీద అమెరికా సుప్రీంకోర్టు 2023 జూన్ 29న ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. గ్రాఫ్ వర్సెస్ డిజాయ్ అనే ఆ కేసు తపాలా శాఖలో పర్మినెంట్ కాని గ్రామీణ క్యారియర్‌ది. ఆయన క్రైస్తవుడు. ఆదివారం తమకు పవిత్రమైన రోజని పని చేయనన్నాడు. అమెజాన్ పార్సిళ్ళ కోసం పోస్టాఫీసు ఆదివారం డెలివరీ మొదలుపెట్టాక ఆ డ్యూటీ ఆయన లాంటి వాళ్ళ మీద పడింది. చివరికి రాజీనామా చేశాడు. మతపరమైన వెసులుబాటు నిరాకరించాలంటే యజమాని ఏదో చిన్న ఇబ్బంది చూపిస్తే చాలదని, వ్యాపారం మొత్తం మీద చూస్తే గణనీయమైన భారం పడుతుందని చూపించాలని కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఈ సూత్రం ముస్లిం కార్మికుడి జుమాకూ అంతే వర్తిస్తుంది.

ఒక హద్దు మాత్రం అలాగే ఉంది. యూనియన్ ఒప్పందం ప్రకారం ఇతరులకున్న సీనియారిటీ హక్కును తీసేసి మీకు వెసులుబాటు ఇవ్వాల్సిన పని లేదని 1977లోనే హార్డిసన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 తీర్పు దాన్ని మార్చలేదు. కాబట్టి బ్రేక్ సమయం మార్చుకోవడం, ఇష్టపడి షిఫ్టు మార్చుకునే తోటి కార్మికుడిని చూసుకోవడం లాంటివి రాతపూర్వకంగా అడగడం మంచిది.

నిష్పత్తి పనిచేయని చోట్లు

నిష్పత్తి ఉన్న ఖాళీలను పంచుతుంది, ఖాళీలను పుట్టించదు. యూపీఎస్ 2025 జనవరిలో అమెజాన్ సరుకును సగానికి పైగా తగ్గించుకుంటామని చెప్పింది. ఏప్రిల్‌లో సుమారు 20,000 ఉద్యోగాలు తగ్గిస్తామని, 73 బిల్డింగులు మూసేస్తామని ప్రకటించింది. ఆ తర్వాత డ్రైవర్లకు డబ్బిచ్చి స్వచ్ఛందంగా వెళ్ళిపొమ్మనే పథకం కూడా తెచ్చింది. ఖాళీలు సున్నా అయితే సున్నాలో ఆరింట ఐదు వంతులూ సున్నానే. 2018లో విన్న సలహాను ఈరోజుకు అలాగే వర్తింపజేసుకోకూడదు.

యూనియన్ లేని చోట అసలు ఈ అంకే ఉండదు. అమెజాన్ పేరు రాసిన వ్యాన్లు నడిపే చాలామంది చిన్న కాంట్రాక్టు కంపెనీల ఉద్యోగులు. అక్కడ రేపు ఎవరు పైకి వెళ్తారన్నది యజమాని ఇష్టం.

మన హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ, సరుకుల డెలివరీ చేసే పిల్లల సంగతి ఇంకా కింద. చట్టం దృష్టిలో వాళ్ళు మామూలు ఉద్యోగులు కూడా కారు. 2020 సామాజిక భద్రతా కోడ్ గిగ్ వర్కర్‌ను యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట ఉన్న మనిషిగానే నిర్వచించింది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం వీళ్ళకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. అది అవసరమైన సాయమే. కానీ ప్రమోషన్ నిష్పత్తి అడగాలంటే ముందు ఎక్కడానికి ఒక పై మెట్టు ఉండాలి, బేరం ఆడే సంఘానికి గుర్తింపు ఉండాలి.

చేరే ముందు అడగాల్సినవి

మొదటగా, మీకు పని చేసే అనుమతి ఉందా? ఎఫ్-1 వీసా మీద చదువుకునే విద్యార్థులు అనుమతి లేకుండా క్యాంపస్ బయట ఇలాంటి పనులు చేస్తే వీసాకే ముప్పు. గ్రీన్ కార్డు, పౌరసత్వం, లేదా చెల్లుబాటయ్యే పని అనుమతి ఉన్నవాళ్ళు ఈ ప్రశ్నలు అడగాలి:

- మా బిల్డింగుకు ఏ లోకల్, ఏ అనుబంధ ఒప్పందం వర్తిస్తుంది? కాపీ ఎక్కడ దొరుకుతుంది?
- డ్రైవర్ ఖాళీల్లో లోపలి వాళ్ళకు ఎంత నిష్పత్తి? లెక్క బిల్డింగులోనా, ప్రాంతం మొత్తం మీదనా?
- గత ఏడాది ఈ బిల్డింగులో ఎంతమంది లోపలి నుంచి డ్రైవర్లయ్యారు? బయటి నుంచి ఎంతమంది వచ్చారు?
- డ్రైవర్ కావాలంటే పేరు ఎప్పుడు, ఎక్కడ ఇవ్వాలి? పేరు ఇవ్వకపోతే సీనియారిటీ ఉన్నా వంతు రాదు.
- డ్రైవర్ అయ్యాక నా పాత సీనియారిటీ దేనికి లెక్కలోకి వస్తుంది: సెలవులకా, రూటు ఎంపికకా, లేఆఫ్‌కా?
- బయటి వాళ్ళను లెక్కకు మించి తీసుకున్నారనిపిస్తే ఫిర్యాదు ఎన్ని రోజుల్లో వేయాలి?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది యూనియన్ తరఫున బిల్డింగులోనే ఉండే స్టీవార్డ్. సూపర్‌వైజర్ చెప్పే “త్వరలోనే అవుతుంది” అన్న మాట మీద అప్పు చేయొద్దు, కారు కొనొద్దు. మీరు చేరిన తేదీ, పేరు ఇచ్చిన తేదీ, మీ తర్వాత బయటి నుంచి వచ్చి డ్రైవర్లయినవాళ్ళు ఎప్పుడు చేరారో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. నిష్పత్తి తప్పిందని నిరూపించాల్సి వస్తే స్టీవార్డ్ మొదట అడిగేది ఆ తేదీలనే.